మనోరోగికి దోడు పోవుట

నేను వైద్యుడను గాను. ముప్పదిమూడేండ్లు దేవరకొండ ప్రాంతపు బడులలో దెలుగు చెప్పి, విశ్రాంతి గైకొని, ఇప్పుడు మా యూరి రావిచెట్టు గద్దెపై గూర్చుండు వారిలో నొకడను. మనోరోగములను గూర్చి పల్లె పెద్దలకు నాలుగు మాటలు చెప్పుమని రేడియోవారు కోరినప్పుడు, ఇది డాక్టరుగారు చెప్పవలసినది గదా యంటిని. పిమ్మట నాలోచింపగా, డాక్టరు చెప్పజాలని దొకటి నా యొద్ద నున్నట్లు తోచెను. రోగికి దోడుగా బోయి, ఆమె మాటను వైద్యుని చెవిని బడనీయక నడుమ నిలిచినవాడను నేను. ఆ సంగతి చెప్పుటకే యొప్పుకొంటిని.

మొదట మాటల విషయము. చిన్ననాడు మా తండ్రిగారు నాచేత అమరము వల్లె వేయించిరి. దేహమునకు వచ్చు బాధ వ్యాధి యనియు, మనస్సునకు వచ్చు బాధ ఆధి యనియు అప్పుడే నేర్చుకొంటిని. ఆ యాధి యను పదమును గ్రంథములలో వెదకుచు వచ్చితిని గాని, మా వీథిలో ముసలమ్మలు "అది కొడుకు మనాది పెట్టుకున్నది" అనునప్పుడు చెవిని బెట్టనైతిని. మనాది యనునది మనోవ్యాధి యను మాట జనుల నోట నరిగి యేర్పడినదే యని నా యూహ. రంది యందుము, బుగులు యందుము, పరేశాను యందుము. సోయి తప్పిన దందుము. బాధ తగ్గినచో నిమ్మళ మైన దందుము. ఇన్ని మాటలు గల జనులకు మనస్సును గూర్చి యేమియు దెలియదని చదువుకొన్నవారు తలంచుట వింతయే.

అయినను వైద్యుని యెదుటికి వచ్చునప్పటికి ఈ మాటలన్నియు దాగిపోవును. "నా మనస్సు బాగుగా లేదు" అని చెప్పువారు మన నల్లగొండ పాలమూరు సీమలలో మిక్కిలి యరుదు. "పానం బాగ లేదు సారూ", "గుండె దడదడ కొట్టుకుంటున్నది", "పేగులు గుంజుతున్నయి", "బువ్వ లోపలికి పోతలేదు" అని చెప్పుదురు. వేఱొక సీమలో బుట్టి పెరిగిన వైద్యుడు వీనిని విని కడుపునకు మందు వ్రాయును. ఆ మందు పని చేయదు. రోగి మఱియొక వైద్యుని యొద్దకు బోవును. ఇట్లు రెండు మూడేండ్లు తిరిగి, రెండెకరములు కుదువబెట్టి, అసలు రోగ మేమో తెలియకయే యింటికి చేరినవారు మీ యూళ్లలోను ఉందురు.

దీనికి మాఱుగా జరుగుటయు గలదు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బావినీళ్లలోని ఫ్లోరైడు ఎందఱి యెముకలను బెళుసు చేసి, వంచి, వెన్ను బిగిసిపోవునట్లు చేసినదో మీకు దెలియును. ఆ నీరు త్రాగి పెరిగిన యేబదియేండ్ల స్త్రీ వచ్చి ఒళ్లంతయు నొప్పులన్నచో, అదియంతయు మనస్సు కల్పించిన దని కొట్టివేయుట గూడ తప్పే. ఏ యూరి నీరు త్రాగితి వమ్మా యని యడుగు వైద్యుడు మనకు గావలెను. ఆ ప్రశ్న తోచవలెనన్న వానికి మన సీమ తెలియవలెను. తెలియనిచో తెలిసినవాడు ప్రక్కన నుండవలెను. ఆ ప్రక్కనుండువాడే నేను చెప్పదలచిన తోడు.

ఇక నా సంగతి. ఇది 2009వ సంవత్సరమున జరిగినది. మా బడికి కొంత దూరమున నొక లంబాడ తండా. అందొక తల్లి పెద్దకొడుకు మేస్త్రీ వెంట పూనాకు పనికి బోయి, కట్టుచున్న మేడపై నుండి పడి చనిపోయెను. శవము తండాకు వచ్చునప్పటికి రూపు చెడి యుండుటచే తల్లికి ముఖము చూపలేదు. నెల దాటిన పిమ్మట ఆమె తిండి మానెను. రాత్రులు తండా మొగదల గూర్చుండి, కొడుకు పిలుచుచున్నా డనుచుండెను. తండావారు తమ భగతుని బిలిపించిరి, మ్రొక్కులు మ్రొక్కిరి. గుణము కనబడకపోగా నా యొద్దకు వచ్చి, "సారూ, మీకు పట్నం ఎరుక, మీరు రండ్రి" అనిరి. నేను వారి పిల్లలకు గురువును. ఆ పిలుపు నాకు గొప్పగానే యుండెను.

నగరమున నొక వైద్యాలయమునకు బోయితిమి. ఆమె చెల్లెలు వెంట వచ్చెను. ఆమెకు సంతలో బేరమాడునంత తెలుగు వచ్చును గాని, దుఃఖము చెప్పుకొనుటకు తన భాషయే. వైద్యుడు చిన్నవాడు, మర్యాద గలవాడు. పరరాష్ట్రీయుడు, తెలుగు కొద్దిగా నేర్చినవాడు. నన్ను కుర్చీలో గూర్చుండుమనెను. ఆమె యలవాటు చొప్పున గోడవార నేలపై గూర్చుండెను. నే నెందుకు బైన నుండవలె, రోగి యెందుకు క్రింద నుండవలె నను తలంపు మా మువ్వురిలో నెవ్వరికిని గలుగలేదు. వైద్యుడు నన్నే చూచి హిందీలో నడుగుచుండెను, నేనే చెప్పుచుంటిని.

కొంతసేపటికి ఆయన, "చనిపోవలె ననెడి తలంపు వచ్చుచున్నదేమో యామె నడుగుడు" అనెను. నాకు నోరు రాలేదు. శోకములో నున్న యాడుదాని యెదుట చావుమాట యెత్తుట అమంగళమని మా యింట నేర్పిరి. కావున, "ఏమమ్మా, మనసు ఎట్లున్నది?" అని మాత్రమే యడిగితిని. ఆమె తన భాషలో జాలసేపు చెప్పెను. చెల్లెలు విని, "కొడుకు కాడికి పోత అంటున్నది సారూ" అనెను. చనిపోయిన కొడుకు నొద్దకు బోవుట యనగా నేమో నాకు దెలియక కాదు. అయినను ఆ మాట పైకి తెచ్చుటకు మనసొప్పక, వైద్యునితో, "పుత్రశోకముచే బాధ పడుచున్నది" అంటిని. పుత్రశోకము! సమాసము చక్కగనే యున్నది. కాని యామె చెప్పిన పోవుట యను క్రియ యందులో నుండి జారిపోయినది. వైద్యుడు నిద్రకు మాత్రలు వ్రాసి, పదునైదు దినముల పిమ్మట రమ్మనెను.

ఆఱవనాడు తెల్లవారకముందే యామె పాతబావిలో బడెను. మోటరు వేయుటకు వచ్చిన యిద్దఱు రైతులు చూచి బయటికి దీసిరి; ప్రాణము నిలిచెను. పెద్దలు కూడి, పోలీసు కేసగును గనుక కాలు జారిన దని చెప్పుడనిరి. ఆనాటి చట్టములో ఆత్మహత్యకు బూనుట నేరము; వారి భయము వట్టిది గాదు. నేనును దల యూపితిని. దవాఖానాలో నట్లే వ్రాసికొనిరి. అనగా రెండవమాఱు గూడ వైద్యునికి నిజము చేరలేదు.

ఆ సాయంకాలము ఆ చెల్లెలి కూతురు, దేవరకొండలో ఇంటర్మీడియెటు చదువుచున్న పిల్ల, మా యింటి గడప యొద్దకు వచ్చి నిలుచుండెను. "సారూ, పెద్దమ్మ చెప్పింది ఒకటి, మీరు డాక్టరుకు చెప్పింది ఒకటి అంట గద. మా అమ్మ అంటున్నది" అనెను. ఆ పిల్ల గొంతులో కోపము లేదు. అడిగినది, అంతే. పండితుల సభలలో నేను పెక్కు ఖండనములు వింటిని గాని, దానికి సమాధానము చెప్పలేకపోతిని.

మఱుసటి వారము మరల నగరమునకు బోయితిమి. ఈమాఱు ఆ పిల్ల వచ్చెను. వైద్యునితో నేను జరిగినదంతయు జెప్పితిని. కాలు జారుట గాదనియు జెప్పితిని. ఆయన నన్ను గోపింపలేదు. రోగికి బల్ల తెప్పించి, తన కుర్చీ యామె వైపునకు ద్రిప్పుకొని, ఆమెను జూచుచు నడిగెను. పిల్ల పెద్దమ్మ చేయి బట్టుకొని, అడిగినది అడిగినట్లు, చెప్పినది చెప్పినట్లు అటు నిటు చేర్చెను. కొడుకు పోయినప్పటి నుండి కన్నీరు రాని యా తల్లి అప్పు డేడ్చె నట. అట యని యేల యనుచున్నాననగా, నేను లోపల లేను. వెలుపల బల్లపై గూర్చుంటిని. నేను చేసిన మంచిపనులలో ఆ బల్లపై గూర్చుండుట యొకటి యని యిప్పటికి నా నమ్మకము.

పిమ్మట వైద్యుడు నాకొక మాట చెప్పెను. చావు తలంపును గూర్చి యడిగినంతమాత్రమున, లేని తలంపు పుట్టదట. ఉన్నవాడు చెప్పుకొని కొంత తేలికపడునట. ఇది పరీక్షించి చూచి వైద్యులు నిశ్చయించిన విషయము. మనము మాత్రము దీనికి సరిగా వ్యతిరేకముగ నమ్ముచున్నాము. అమంగళమని మనము మ్రింగెడి ప్రశ్న అడుగవలసిన ప్రశ్నయే.

ఆమెను మూడు వారములు వైద్యాలయమున నుంచిరి. మందులు ఏడాదిన్నర వాడవలసి వచ్చెను. ఇంటికి వచ్చిన పిమ్మట తండా స్త్రీలు వంతు వేసికొని రాత్రులు ఆమె ప్రక్కన బండుకొనిరి. ఎవ్వరును జెప్పకయే యది జరిగినది. ఆమె కోరగా పూనా నుండి కొడుకు బట్టలమూటను దెప్పించి చేతికిచ్చిరి. నాబోటివారికి శోకించువానిని జూడగనే వేదాంతము చెప్పుటకు నాలుక దురద పెట్టును. ఆ స్త్రీలలో నొక్కతెయు నేమియు బోధింపలేదు. రొట్టె చేసి పెట్టిరి, కూడ గూర్చుండిరి.

రోగికి తనవారు తోడుండుట యెంత మేలో పెద్ద వైద్యులు గూడ కనుగొన్నారు. 1950ల దశాబ్దమున అమృతసరములోని మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అను వైద్యుడు ఆవరణములో గుడారములు వేయించి, రోగులతో వారి కుటుంబములనే యుంచుకొనెను. అంతకు ముందు రోగిని అప్పగించి పోవుటయే గాని కూడ నుండుట యెక్కడిది? మన సంగతియే చూడుడు. నిజాం ప్రభుత్వమువారి పిచ్చాసుపత్రి జాల్నాలో నుండెడిది. 1953లో గాని హైదరాబాదు ఎర్రగడ్డకు రాలేదు. జాల్నా మరాఠీ సీమ. సర్కారు భాష ఉర్దూ. నల్లగొండ రైతు నొకని నచ్చటికి బంపినచో, వాని బుగులును వాని భాషలో వినువా డెవ్వడు? రోగ మెంతయో, మాట తెలిసినవాడు లేని యొంటరితన మెంతయో విడదీసి చెప్పుట కష్టము. ఇక ఎర్రగడ్డ పేరును మనమేమి చేసితిమి? తిట్టుగా జేసికొంటిమి. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలె" అని పిల్లలు గూడ నందురు. ఆ మాట విని పెరిగినవాడు రేపు తనకు రోగము వచ్చినప్పుడు ఆ గడప యెట్లు ద్రొక్కును?

మఱి గుళ్లకు, దర్గాలకు బోవుట తప్పా యని మీరడుగుదురు. అమావాస్యనాడు చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని సన్నిధిని రాత్రి నిద్ర చేయువారు వేలకొలది. జాన్‌పహాడ్ దర్గాకు హిందువులు, ముసల్మానులు కలిసి పోవుదురు. దీనిని మూఢత యని యొక్క మాటతో ద్రోసివేయు వైద్యుని యొద్దకు రోగి మరల రాడు. బెంగుళూరు నిమ్హాన్సు వైద్యుడు రఘురామ్, ఆయనతోడివారు తమిళనాడులోని ముత్తుస్వామి గుడి యొకదానిలో బస చేసిన 31 మంది మనోరోగులను బరీక్షించి 2002లో ప్రకటించిరి. ఆ రోగులకు అచ్చట ప్రత్యేక చికిత్స యేదియు జరుగలేదు. తమవారితో నుండి గుడిపనులలో బాలుపంచుకొనిరి. కొలిచి చూడగా బాధ దాదాపు అయిదవవంతు తగ్గెను. భయపెట్టక, కొట్టక, ఆదరించు చోటు కొంత మేలు చేసినదని వారి తాత్పర్యము. పరీక్షింపబడినవారు కొలదిమందియే, అయిదవవంతు తగ్గుట పూర్తిగా నయమగుట గాదు. అయినను మ్రొక్కును మందును ప్రక్కప్రక్కన నుండనీయవచ్చు ననుటకు ఇది చాలును. మా తండా తల్లి మాత్రలు మ్రింగుచునే మ్రొక్కు చెల్లించుకొనెను. వైద్యుడు వలదనలేదు, మాత్ర మానకుమని మాత్రమే యనెను.

అయితే గొలుసు సంగతి వేఱు. తమిళనాడులో ఏర్వాడి యను చోట, దర్గాకు వచ్చిన రోగులను ఉంచుకొను నొక పాకలో 2001 ఆగస్టు 6వ తేదీ వేకువను నిప్పంటుకొనెను. సంకెళ్లతో గట్టివేయబడి యుండుటచే పరుగెత్తలేక 28 మంది ప్రాణములు గోల్పోయిరి. దేవుని సన్నిధియైనను, మన యింటి కొట్టమైనను మనిషిని గట్టివేయరాదు. బాణామతి చేసినారని యొకరిపై నింద మోపి కొట్టుటయు నిట్టిదే. మనసు చెదరినవాడు ఎవరి పేరో పలికినంతనే ఊరు వానిమీద బడుట మన జిల్లాలలో జరిగినది. రచ్చబండపై గూర్చుండు మనము ఆ గడియలో నోరు మెదపకున్నచో ఎవరు మెదపవలెను?

దేవత పూనుటయు రోగమే యనువారున్నారు. బోనాలలో శివసత్తు సిగమూగుట, జాతర ముగియగనే యింటికి బోయి వంట చేసికొనుట మనము చూచుచునే యున్నాము. అది రోగము గాదు. జనుల యాచారములో భాగమైన పూనకమును రోగముగా లెక్కింపరాదని ప్రపంచారోగ్య సంస్థవారి రోగ వర్గీకరణములోనే యున్నది. జాతర లేదు, డప్పు లేదు. వద్దన్నను పూనుచున్నది, తిండి నిద్ర చెడినది, పిల్లలను జూచుకొనలేకున్నది యన్నచో అప్పుడు వైద్యుడు గావలెను. ఈ భేదము పరరాష్ట్రము నుండి వచ్చిన డాక్టరుకంటె మీకే బాగుగా దెలియును. దానిని చెప్పవలసినవారును మీరే.

చట్టము గూడ నిప్పుడు మారినది. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29వ తేదీ నుండి యమలులోనికి వచ్చెను. రోగిని గొలుసులతో గట్టుట నిషిద్ధము. ఆత్మహత్యకు బూనినవాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని యెంచి, శిక్షింపక, వానికి సంరక్షణ మొసగుట సర్కారు బాధ్యత యనినది. 2024 జులై 1 నుండి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాత 309వ సెక్షను లేనే లేదు. కావున కాలు జారినదని చెప్పుడని సలహా యిచ్చు నవసరము మనకు దీరినది. చికిత్సకు సమ్మతి గోరునప్పుడు రోగికి దెలిసిన సులభమైన భాషలోనే చెప్పవలెనని చట్టములో గలదు. మఱియొకటి: కులమును బట్టి గాని, మతమును బట్టి గాని, ఊరి కట్టుబాటునకు లోబడలేదని గాని యెవ్వరిని మనోరోగి యని నిర్ణయింపరాదు. వేఱు కులపువానిని బెండ్లాడెద నన్న పిల్లను "దానికి పిచ్చి లేచింది" అని వైద్యుని యొద్దకు లాగుకొనిపోవు తండ్రులారా, ఈ సంగతి వినుడు.

దగ్గఱ వైద్యుడు లేనిచో 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన మొదలైన టెలి మానస్ అది. రేయింబవళ్లు, తెలుగులోను మాటలాడుదురు, పైకము పుచ్చుకొనరు. మీ మనుమరాలిచేత ఆ సంఖ్యను గోడమీద బొగ్గుతో నైనను వ్రాయించి యుంచుడు.

ఆ తల్లి ఇప్పటికి నున్నది. పూర్తిగా మానినదని చెప్పజాలను; కొడుకు పోయిన నెల వచ్చినప్పుడు మాట తగ్గిపోవును, అప్పుడు చెల్లెలు వచ్చి నాలుగు దినము లుండిపోవును. ఇంటర్మీడియెటు చదివిన యా పిల్ల నర్సు పరీక్ష నిచ్చి నగరమున బని చేయుచున్నది. పండుగకు వచ్చినప్పుడు నేను దానియొద్ద లంబాడ మాటలు నేర్చుకొనుచున్నాను. తెలుగు లిపిలోనే యొక నోటు పుస్తకమున వ్రాసికొంటిని. తల నొప్పి, కడుపు మంట, నిద్ర పట్టలేదు, భయమగుచున్నది, ఇట్టివి నలుబది వఱకు నైనవి. మొన్న అంగడిలో ఆ తల్లి కనబడగా, నేర్చినది పరీక్షింపదలచి, "యాడీ" యని పిలిచి, నిద్ర పట్టుచున్నదా యని యామె భాషలో నడిగితిని. ఆమె నా యుచ్చారణకు జాలసేపు నవ్వి, నా తప్పు దిద్ది, ఆ పిమ్మట బదులు చెప్పినది.